భుజం మీద మిగిలిన చెయ్యి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ కథ పోయిన వారం అందింది. రెండుసార్లు చదివాను, రెండోసారి పెన్సిలు పట్టుకుని. నువ్వు ఊహించుకున్న ఆ దేశం, నాలుగు రోడ్ల కూడలిలో నాయకుడి నిలువెత్తు బొమ్మ, దాని కింద తలలు వంచుకుని పోయే జనం, చివర్లో దాని మీదికి సిరాబుడ్డి విసిరే కుర్రాడు. నీకు వాక్యం రాయడం వచ్చు, ఆ విషయంలో నాకు అనుమానం లేదు. నా ఇబ్బంది వేరే చోట. పద్దెనిమిది పేజీల్లో నాయకుడి ముఖాన్ని పదకొండుసార్లు వర్ణించావు. ఆ బొమ్మ గీసినవాడు, సరివి కర్రలకు కట్టి నిలబెట్టినవాడు, వాన వెలిశాక గుడ్డ పట్టుకుని తుడిచేవాడు ఒక్కసారి కూడా కనిపించలేదు. నియంతల గురించి రాయాలంటే ముందు ఈ పనివాళ్ల దగ్గరికి వెళ్లాలమ్మా. ఎందుకంటున్నానో చెప్తాను, కాస్త ఓపిగ్గా చదువు.

మా మేనమామకు ఫోటో స్టూడియో ఉండేది. సెలవులొస్తే నేను అక్కడే. కిటికీ పక్కన ఏటవాలు బల్ల, దాని మధ్యలో పాలగాజు పలక, పలక కింద బల్బు. దాని మీద నెగెటివ్ పెట్టి, సూదిలా చెక్కిన పెన్సిలుతో మామయ్య గంటల తరబడి పనిచేసేవాడు. ఎక్కువగా పెళ్లి సంబంధాలకు పంపే ఫోటోలు. అప్పట్లో స్ఫోటకం మచ్చలున్న ముఖాలు చాలా ఉండేవి. మచ్చలో పడిన నీడ నెగెటివ్‌లో తేటగా, చిన్న రంధ్రంలా కనిపిస్తుంది. దాన్ని పెన్సిలుతో సన్నగా పూడిస్తే ప్రింటులో మచ్చ ఉండదు. పిల్ల తండ్రి ఆ ప్రింటు చేతిలోకి తీసుకుని ఏమీ మాట్లాడకుండా చాలాసేపు చూసేవాడు.

స్టాలిన్ ముఖం మీద కూడా స్ఫోటకం మచ్చలు ఉండేవని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. చిన్నతనంలో వచ్చిన జబ్బు. పత్రికల్లో వేసే ఫోటోల్లో వాటిని నున్నగా చేసేసేవారు. అది చదివినప్పుడు నాకు స్టాలిన్ గుర్తుకు రాలేదు. మామయ్య బల్ల గుర్తొచ్చింది. మాస్కోలో కూడా ఎవరో ఒకరు కళ్లు చికిలించుకుని ఇలాగే కూర్చుని ఉంటారు కదా అనిపించింది.

ఇంకో సంగతి. ఒకసారి ఒక పెద్దమనిషి పెళ్లి గ్రూప్ ఫోటో పట్టుకుని వచ్చాడు. పొలం తగాదాలో తమ్ముడితో మాటల్లేవు. ఫోటోలో తమ్ముణ్ణి తీసెయ్యమన్నాడు. మామయ్య వద్దని చెప్పి చూశాడు, చివరికి ఒప్పుకున్నాడు. తమ్ముడి ముఖం పోయింది, ఒళ్లు పోయింది, అతని వెనకాల ఉండాల్సిన అరటి బోదె కొత్తగా మొలిచింది. చెయ్యి మాత్రం మిగిలింది. ఫోటో తీసిన రోజు తమ్ముడు అన్న భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డాడు మరి. ఆ నాలుగు వేళ్లను కండువా మడతలా మార్చడానికి మామయ్యకు రెండు రోజులు పట్టింది. తెలిసి చూస్తే ఇప్పటికీ వేళ్లు వేళ్లలాగే కనిపిస్తాయి.

ఇది ఒక ఇంట్లో జరిగిన పని. నీ కథలో జరిగేది ఒక రాజ్యం చేసే పని. రెంటికీ తేడా ఎక్కడుందో నువ్వు పట్టుకోవాలి. మా ఊరి పెద్దమనిషి ఫోటో మార్చుకున్నాడు గానీ, ఆయనకు తమ్ముడున్నాడని ఊళ్లో ఎవరూ అనకూడదని శాసించలేకపోయాడు. మిగతా బంధువుల ఇళ్లల్లో పాత ప్రింట్లు అలాగే ఉన్నాయి. సోవియట్ యూనియన్లో మారింది ఆ భాగమే. 1920 మే 5న మాస్కోలో, పోలండ్ యుద్ధానికి వెళ్లే సైనికులను ఉద్దేశించి లెనిన్ మాట్లాడుతున్న ఫోటో ఒకటుంది. చెక్క వేదిక పక్కన మెట్ల మీద, తర్వాత స్టాలిన్‌కు శత్రువులైన విప్లవ నాయకులు ట్రాట్‌స్కీ, కామెనెవ్ నిలబడి ఉంటారు. తర్వాతి కాలంలో అచ్చయిన ప్రతుల్లో అక్కడ ఉత్త మెట్లే ఉంటాయి. అసలు ఫోటో ఇంట్లో ఉంచుకోవడం అప్పటికి ప్రమాదమైపోయింది. మంత్రం వేసినట్టు "ప్రజల శత్రువు" అనే మాట ఒకటి ఉండేది. ఆ మాట ఎవరి మీద పడితే వాళ్ల ముఖం ఎవరింట్లోనూ ఉండకూడదు. దాంతో ఫోటోలు దిద్దే రీటచింగ్ పని స్టూడియో బల్ల దాటి జనం ఇళ్లల్లోకి వచ్చింది.

అలెగ్జాండర్ రోద్చెంకో పేరు విన్నావో లేదో. గొప్ప ఫోటోగ్రాఫర్, డిజైనర్. అప్పటి సోవియట్ రిపబ్లిక్ ఉజ్బెకిస్తాన్ పదేళ్ల ప్రగతి మీద 1934లో ఒక భారీ ఆల్బమ్‌ను ఆయన, ఆయన భార్య స్తెపనోవా కలిసి తీర్చిదిద్దారు. మూడు నాలుగేళ్లు తిరిగేసరికి అందులో ఉన్న నాయకులు ఒక్కొక్కరే అరెస్టయ్యారు, చాలామందిని కాల్చేశారు. అప్పుడు రోద్చెంకో తన సొంత ప్రతి తెరిచి, తను పేజీలో కూర్చిన ముఖాల మీద తనే నల్లసిరా పూశాడు. ఆ పేజీలు ఇప్పటికీ ఉన్నాయి. కోటు ఉంటుంది, మెడ ఉంటుంది, ముఖం ఉండాల్సిన చోట నల్లటి ముద్ద. సామాన్య కుటుంబాలు కూడా అరెస్టయిన వాళ్ల ముఖాలను ఆల్బముల్లోంచి కత్తిరించేవాళ్లు. ఒక తల్లి తన కొడుకు ముఖం చుట్టూ కత్తెర తిప్పుతోందనుకో, ఎక్కడ ఆగుతుంది, ముక్కను ఏ పొయ్యిలో వేస్తుంది? నువ్వు రాయాల్సిన పేజీ అక్కడుంది.

భయం ఒక్కటే చెప్తే మళ్లీ సగమే చెప్పినట్టు. నీ కథలో అందరూ భయపడుతున్నారు, ఎవరూ నమ్మడం లేదు. అక్కడ నీతో గట్టిగా విభేదిస్తాను. రష్యా పల్లెల్లో ఇంట్లో ఒక మూల దేవుడి పటాలు పెట్టుకునేవాళ్లు, మన దేవుడి గూడులా. ఎర్రమూల అనేవారు దాన్ని. వాళ్ల పాత భాషలో ఎరుపు అన్నా అందం అన్నా ఒకటే మాట. విప్లవం తర్వాత ఫ్యాక్టరీల్లో, బడుల్లో, బ్యారకుల్లో అదే మాట వాడి లెనిన్ బొమ్మతో ఎర్రమూలలు పెట్టించారు. దండం పెట్టుకునే అలవాటు ముందే ఉంది, పటం మారింది. ఆ పటం కింద జనం చదువు నేర్చుకున్నారు, పత్రికలు చదివారు. అక్కడ కూర్చున్నవాళ్లలో మనస్ఫూర్తిగా నమ్మినవాళ్లు లక్షల్లో ఉన్నారు. వాళ్లను వెర్రివాళ్లుగా రాయకు.

గేల్యా మార్కిజోవా సంగతి చెప్తాను. సోవియట్ సైబీరియాలోని బురియాత్ మంగోలియా ప్రాంతపు పిల్ల. అసలు పేరు ఎంగెల్సీనా, మార్క్స్ సహచరుడు ఎంగెల్స్ పేరు మీద పెట్టారు. అన్న పేరు వ్లాద్లెన్, అంటే వ్లాదిమిర్ లెనిన్. మన కృష్ణా, గుంటూరు జిల్లాల్లో లెనిన్లు, స్టాలిన్లు ఉన్న ఇళ్లు నీకు తెలిసినవే కాబట్టి ఆ తండ్రి ఎలాంటివాడో నేను వేరే చెప్పనక్కర్లేదు. ఆయన అక్కడ వ్యవసాయ శాఖ చూసేవాడు. 1936 జనవరిలో బురియాత్ ప్రతినిధులతో పాటు క్రెమ్లిన్‌కు వెళ్తూ ఏడేళ్ల కూతుర్నీ తీసుకెళ్లాడు. పెద్దవాళ్ల ఉపన్యాసాలు సాగుతుంటే విసుగొచ్చి, పిల్ల లేచి పూలగుత్తి పట్టుకుని తిన్నగా స్టాలిన్ దగ్గరికి నడిచింది. ఆయన ఎత్తుకున్నాడు. ఆమె ఆయన మెడ చుట్టూ చేతులు వేసింది. కెమెరాలు క్లిక్‌మన్నాయి. వాచీ, గ్రామఫోను బహుమతిగా ఇచ్చి పంపారు.

ఆ ఫోటో దేశమంతా పాకింది. బడుల్లో, పిల్లల ఆసుపత్రుల్లో, పోస్టర్ల మీద అదే. "మా సంతోషమైన బాల్యానికి కృతజ్ఞతలు, కామ్రేడ్ స్టాలిన్" అనే నినాదానికి ఆ పిల్లే ముఖమైంది. గియోర్గీ లావ్రోవ్ అనే శిల్పి దాన్ని విగ్రహంగా మలిచాడు. 1937లో గేల్యా తండ్రిని జపాన్ గూఢచారి అని పట్టుకెళ్లారు, 1938లో కాల్చేశారు. తల్లీ పిల్లలూ కజక్‌స్తాన్‌కు ప్రవాసం. తల్లి 1940లో పోయింది. అదే ఫోటోలో స్టాలిన్ పక్కనున్న బురియాత్ పార్టీ నాయకుడు ఎర్బనోవ్‌నూ 1938లో కాల్చారు, తర్వాతి ప్రతుల్లో ఆయన లేడు. విగ్రహం చెక్కిన లావ్రోవ్‌నూ అరెస్టు చేసి నిర్బంధ శ్రమ క్యాంపుకు పంపారు. గేల్యా తండ్రిని పట్టుకెళ్లిన రహస్య పోలీసు విభాగానికి అప్పటి అధిపతి యెజోవ్. ఆయన్నీ 1940లో కాల్చారు. మాస్కో-వోల్గా కాలువ గట్టున స్టాలిన్ పక్కన ఆయన నిలబడ్డ ఫోటోలో, ఆయన ఉన్న చోట తర్వాత నీళ్లే మిగిలాయి.

పిల్లను కౌగిలించుకున్న స్టాలిన్ మాత్రం గోడ దిగలేదు. ఆ పాప తండ్రి లేనిదైంది, తల్లి లేనిదైంది. బొమ్మలో ఆమె నవ్వు అలాగే ఉంది. దాని కింద నిలబడి వేలాదిమంది పిల్లలు కృతజ్ఞతలు చెప్పారు, మనసారా చెప్పారు. అమ్మాయీ, నాయకుడి క్రూరత్వం గురించి నువ్వు రాసిన పది విశేషణాలకన్నా ఈ ఒక్క గోడ ఎక్కువ చెప్తుంది. ఆ గోడ ఎదురుగా ఆ పిల్లే పాఠం చదువుకుంటోందని ఒక్కసారి ఊహించు.

నేను బయట నిలబడి తీర్పు చెప్తున్నాననుకోకు. నా చిన్నప్పుడు "సోవియట్ భూమి" పత్రిక మా ఇంటికి వచ్చేది. నున్నటి దళసరి కాగితం, రంగురంగుల ఫోటోలు. జూన్‌లో బడి తెరవగానే పుస్తకాలకు అట్టలు వేసుకునేది దాంతోనే. నా లెక్కల పుస్తకం మీద ట్రాక్టరు నడిపే అమ్మాయి నవ్వుతూ ఉండేది, ఏడాదంతా ఆమెను నమ్మాను. విశాలాంధ్ర వాళ్ల బండిలో రూపాయీ రెండు రూపాయలకు కొన్న రష్యన్ అనువాదాలే నన్ను రచయితను చేశాయి. ఆ రుణం అబద్ధం కాదు. ఆ నవ్వుల వెనక క్యాంపులున్నాయన్న సంగతీ అబద్ధం కాదు. రెండూ ఒకే మనిషిలో ఎలా ఉంటాయో రాయడానికి నాకు ఇరవై ఏళ్లు పట్టింది, నువ్వు త్వరగా మొదలుపెట్టు.

మన దగ్గరా ఆ గాలి కొంత వీచింది. ఎమర్జెన్సీ రోజుల్లో మా పంచాయతీ ఆఫీసు గోడ మీద ఇరవై సూత్రాల కార్యక్రమం రాయించారు. రాసింది సినిమా బోర్డులు రాసే పెయింటరు. ఆయన అక్షరాలు ముత్యాల్లా ఉండేవి. మేం పిల్లలం పలకల మీద వాటిని దిద్దుకునేవాళ్లం. నా చేతిరాతలో "క" ఇప్పటికీ ఆయనదే. ఆ రోజుల్లో ఏ ఇంటి మనిషి జైల్లో ఉన్నాడో ఆ "క"కు తెలియదు, నాకూ తెలియదు.

ఇంకొక్క విషయం చెప్పి ఆపేస్తాను. స్టాలిన్ పోయిన 1953లోనే, యెజోవ్ తర్వాత రహస్య పోలీసుకు అధిపతి అయిన బెరియా అరెస్టయ్యాడు, ఆ ఏడాది చివర్లో కాల్చేశారు. అప్పటికే సోవియట్ మహా విజ్ఞాన సర్వస్వంలో ఆయన మీద వ్యాసం, ఫోటోతో సహా, చందాదారుల ఇళ్లకు చేరిపోయింది. వాళ్లందరికీ ఉత్తరం వెళ్లింది. ఫలానా పేజీలను కత్తెరతో గానీ బ్లేడుతో గానీ కోసెయ్యండి, కుట్టు దగ్గర కొంచెం అంచు వదలండి, దానికి ఈ కొత్త పేజీలు అంటించండి అని. బెరియా ఖాళీని అక్షర క్రమంలో దగ్గర్లో ఉండే బేరింగ్ సముద్రం వగైరాతో నింపారు. ఆ రాత్రి ఏ స్కూలు మాస్టారో దీపం కింద కూర్చుని, పుస్తకం పాడవకుండా జాగ్రత్తగా పేజీ కోస్తూ ఉంటాడు. అంచు వంకర పోకూడదని చూసుకుంటాడు. పుస్తకమంటే ఆయనకు అంత ప్రేమ మరి.

ఇక నీ కథ. ఆ కుర్రాణ్ణి ఉంచు, సిరాబుడ్డీ ఉంచు. కాకపోతే అవి మొదటి పేజీలోనే అయిపోవాలి. కథ మర్నాడు పొద్దున మొదలవ్వాలి. ఆ మరక ఎవరో ఒకరు కడగాలి కదా. ఎవరికి కబురు పంపుతారు? అంత పొడుగు నిచ్చెన ఎవరింటి నుంచి తెస్తారు? వచ్చినవాడు ఆ బొమ్మ వేసినవాడే అనుకో. కిరసనాయిలుతో రుద్దితే సిరాతో పాటు కింద రంగు కూడా ఊడుతుందని, నాయకుడి బుగ్గ సగం పోతుందని వాడికి తెలుసు. కింద నిలబడ్డ ఆఫీసరుకు తెలియదు. గుడ్డ తడిపి నిచ్చెనెక్కాడు. ఆఫీసరుతో చెప్తాడా?

కొత్త ప్రతి కాగితం మీదే పంపు, ఫోన్లో చదవడానికి నా కళ్లు సహకరించడం లేదు.

ఆశీస్సులతో,
మాస్టారు