ఒకే ఫ్లూ, మా వారికే ఎందుకు ముదిరింది?

ప్రశ్న: నాకు 54 ఏళ్లు, మా వారికి 60. ఆయనకు షుగర్ ఉంది. ఇద్దరికీ ఒకేసారి ఫ్లూ వచ్చింది. నాకు నాలుగు రోజుల్లో తగ్గిపోయింది. ఆయనకు ఐదో రోజున ఆయాసం వచ్చి ఆక్సిజన్ పెట్టారు. ఆడవాళ్లను హార్మోన్లే కాపాడతాయని, ఆ మాత్రలు మగవాళ్లూ వాడొచ్చని తెలిసినవాళ్లు అంటున్నారు. నిజమేనా?

జవాబు: తేడా ఉన్న మాట నిజమే. మాత్రల మాట మాత్రం నమ్మకండి.

వైరస్‌ను పసిగట్టే టీఎల్ఆర్7 అనే జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. ఆడవారికి రెండు ఎక్స్‌లు ఉంటాయి. మామూలుగా ఒకటి నిద్రాణంగా ఉంటుంది కానీ, కొన్ని కణాల్లో ఈ జన్యువు రెండింటి నుంచీ పనిచేస్తుంది. అందుకే మొదటి గంటల్లో వైరస్‌ను అడ్డుకునే ఇంటర్ఫెరాన్ వారిలో ఎక్కువగా తయారవుతుంది. మెనోపాజ్ తర్వాత ఆడ హార్మోన్ ఈస్ట్రోజెన్ తగ్గినా ఈ జన్యువు ఎక్కడికీ పోదు. కోవిడ్‌లో తేడా స్పష్టంగా బయటపడింది: 30 లక్షలకు పైగా కేసులను కలిపి చూస్తే, మగవారు ఐసీయూలో చేరే అవకాశం దాదాపు మూడు రెట్లు. ఫ్లూలో లెక్క ఇంత సూటిగా ఉండదు. గర్భిణులకు ఫ్లూ మరింత ప్రమాదకరం. ఇక మీ వారి విషయంలో వయసు, షుగర్ కూడా తోడయ్యాయి.

హార్మోన్లను కోవిడ్‌లో పరీక్షించి చూశారు. 40 మంది మగవారితో చేసిన చిన్న పరీక్షలో ప్రొజెస్టిరాన్ అనే ఆడ హార్మోన్ ఇంజెక్షన్లు కొంత మేలు చేసినట్టు కనిపించింది. కానీ ఎవరికి మందు ఇస్తున్నారో అందరికీ తెలిసే జరిగిన పరీక్ష అది, కాబట్టి ఆ ఫలితాన్ని గట్టిగా నమ్మలేం. అమెరికా మాజీ సైనికుల్లో మగ హార్మోన్‌ను అణచే డెగారెలిక్స్ ఇస్తే లాభమే లేదు. పైగా ఈస్ట్రోజెన్ మాత్రలతో రక్తం గడ్డకట్టే ముప్పు పెరుగుతుంది. తీవ్రమైన ఇన్ఫెక్షన్‌లో అది ఎలాగూ ఎక్కువే.

పనిచేసే మందుకు ఆడా మగా తేడా లేదు. ఫ్లూకి ఒసెల్టామివిర్ 75 మి.గ్రా. రోజుకు రెండుసార్లు, 5 రోజులు. లక్షణాలు మొదలైన 48 గంటల్లోపు వేసుకుంటేనే పూర్తి ఫలితం. ఆయనకు షుగర్ ఉంది కాబట్టి ముందు క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూడాలి. కిడ్నీలు మందగిస్తే మోతాదు తగ్గిస్తారు. ఈసారి జ్వరం, ఒళ్లునొప్పులు కలిసి వస్తే, రెండు రోజులు చూద్దామనుకోకుండా అదే రోజు డాక్టర్‌కు చూపించండి.

ఇంట్లో పల్స్ ఆక్సీమీటర్ పెట్టే ముందు ఐదు నిమిషాలు కూర్చోబెట్టండి. చేతులు చల్లగా ఉన్నా, గోళ్లకు రంగు ఉన్నా రీడింగ్ తప్పుతుంది. అంకె నిలకడగా ఆగాకే రాసుకోండి. 94 కంటే తగ్గితే డాక్టర్‌కు ఫోన్ చేయండి, 90 దగ్గరికొస్తే నేరుగా ఆసుపత్రికే. నిమిషానికి ఎన్నిసార్లు శ్వాస తీస్తున్నారో తెలియడానికి, ఆయనకు తెలియకుండా పొట్ట కదలికలు నిమిషం పాటు లెక్కపెట్టండి. లెక్కిస్తున్నారని తెలిస్తే శ్వాస మారిపోతుంది. 24 దాటితే ఆయాసం మొదలైనట్టే.

ఏటా ఫ్లూ టీకా ఇద్దరూ వేయించుకోండి. చెయ్యి నొప్పి, జ్వరం ఆయనకన్నా మీకే ఎక్కువ రావచ్చు, రెండు రోజుల్లో తగ్గుతాయి.