ఆ ప్రభువు బయటపడ్డాడు సరే, తర్వాత?

ప్రశ్న: మరణశిక్ష పడ్డ స్కాట్లండ్ ప్రభువు ఒకాయన, తల నరకడానికి ముందు రోజు రాత్రి ఆడవేషంలో లండన్ టవర్ నుంచి తప్పించుకున్నాడని విన్నాను. నిజమా, కట్టుకథా? నిజమైతే ఆ తర్వాత ఆయన భార్యాపిల్లలు ఏమయ్యారు?
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: నిజమేనండి. ఆయన పేరు విలియం మాక్స్‌వెల్, నిత్స్‌డేల్ ఐదో ఎర్ల్ (ఎర్ల్ అంటే ఒక ప్రభు బిరుదు). అయితే ఈ కథ ఎవరు చెప్పినా ఆ ఒక్క రాత్రితో ఆపేస్తారు, పేరేమో ఆయనకే వస్తుంది. నన్నడిగితే ఇది ఆయన భార్య వినిఫ్రెడ్ కథ. మీరు భార్యాపిల్లల గురించి అడిగినందుకు చాలా సంతోషం.

మాక్స్‌వెల్‌లది స్కాట్లండ్ దక్షిణాన డంఫ్రీస్ ప్రాంతం. చుట్టూ నీళ్ల కందకంతో మూడు మూలల ఆకారంలో ఉండే కార్లావరాక్ కోట వాళ్లదే, కాపురం మాత్రం టెరెగల్స్ అనే చోట ఉన్న ఇంట్లో. కాథలిక్ కుటుంబం. వినిఫ్రెడ్ పుట్టింటి వాళ్లూ అంతే. 1688లో కాథలిక్ రాజు రెండో జేమ్స్‌ గద్దె కూలినప్పుడు, పసివాడైన ఆయన కొడుకును ఫ్రాన్స్‌కు దాటించడంలో వినిఫ్రెడ్ తల్లి చెయ్యి కూడా ఉంది. 1699లో ప్యారిస్‌లో వీళ్లిద్దరికీ పెళ్లయింది. ఆ పసివాడే పెద్దయ్యాక, సింహాసనం నాది అంటే, అతని తరఫున 1715 తిరుగుబాటులో ఎర్ల్ కత్తి పట్టాడు. ఆ నవంబర్‌లోనే ఇంగ్లండ్ ఉత్తరాన ఉన్న ప్రెస్టన్‌లో దొరికిపోయాడు.

కబురు అందేసరికి వినిఫ్రెడ్ టెరెగల్స్‌లో ఉంది. ఇంటి పత్రాలన్నీ తోటలో గొయ్యి తీసి పాతిపెట్టింది, ఆ చోటు తోటమాలికి తప్ప ఇంకెవరికీ తెలియదు. ఈ పత్రాల సంగతి గుర్తుంచుకోండి. యార్క్ దాకా వెళ్లాక మంచు వల్ల బండ్లు ఆగిపోయాయి, ఆవిడ ఆగలేదు, గుర్రమెక్కి లండన్ చేరింది.

భర్త ప్రాణం కాపాడమని అర్జీ పట్టుకుని నల్లబట్టలతో సెయింట్ జేమ్స్ ప్యాలెస్‌కు వెళ్లి మొదటి జార్జ్ రాజు ముందు మోకరిల్లింది. ఆయన పట్టించుకోకుండా వెళ్లిపోబోతే కోటు అంచు పట్టుకుంది, వదల్లేదు, రాజు ఆవిణ్ని గది మధ్య నుంచి గుమ్మం దాకా ఈడ్చుకుంటూనే నడిచాడు. చివరికి ఒకరు నడుము పట్టి లాగితే, ఇంకొకరు చేతిలోంచి కోటు విడిపించారు. రాజు జేబులో కుక్కబోయిన అర్జీ కూడా కింద పడిపోయింది. ఎవరో వచ్చి ఆదుకుంటారని చూస్తూ కూర్చోలేదావిడ. దారి తనే వెతుక్కుంది.

శిక్ష అమలు 1716 ఫిబ్రవరి 24న. 23 సాయంత్రం ఇల్లు అద్దెకిచ్చిన మిల్స్ అనే ఆవిణ్ని, మోర్గన్ అనే స్నేహితురాల్ని, పనిమనిషి ఎవాన్స్‌ను వెంటబెట్టుకుని టవర్‌కు వెళ్లింది. లోపలికి ఒక్కసారికి ఒక్కరినే పంపుతారు. మోర్గన్ సన్నగా ఉంటుంది కాబట్టి తన బట్టల మీద ఇంకో జత తొడుక్కుని వెళ్లి, ఆ పై జత లోపల వదిలేసి వచ్చేసింది. మిల్స్ పొడుగు మనిషి, పైగా నిండు చూలాలు, కాబట్టి ఆవిడ బట్టలు ఎర్ల్‌కు సరిపోతాయి. ఆవిడ కళ్లకు రుమాలు అడ్డం పెట్టుకుని ఏడుస్తూ లోపలికెళ్లింది, మోర్గన్ వదిలిన బట్టలు తొడుక్కుని ఏడవకుండా బయటికొచ్చింది. ఏడుస్తూ వచ్చిన మనిషి ఇంకా లోపలే ఉందని కాపలావాళ్లు అనుకోవాలి కదా, అందుకని. ఎర్ల్ కనుబొమలు నల్లగా ఒత్తుగా ఉంటాయి, మిల్స్‌వి లేతరంగు. అందుకని వినిఫ్రెడ్ ఆయన కనుబొమలకు రంగు వేసింది. గడ్డం గీసే వ్యవధి లేక చెంపలకు తెల్లరంగు, దాని మీద ఎర్రరంగు పూసింది. చీకటి పడుతుండగా చెయ్యి పట్టుకుని బయటికి తెచ్చింది. ఆయన్నే ఆడమనిషిలా ‘బెట్టీ’ అని పిలుస్తూ, ‘బెట్టీ, తొందరగా వెళ్లి నా పనిమనిషిని పంపవే’ అని బతిమాలుతూ, నడక చూసి సైనికులు గుర్తుపడతారేమోనని ఆయన్ని ముందు నడిపించి తను వెనక నడిచింది.

అక్కడితో తనూ వెళ్లిపోవచ్చు. కానీ మళ్లీ గదిలోకి వెళ్లి, భర్తతో మాట్లాడుతున్నట్టు తనే ప్రశ్నలడిగి, ఆయన గొంతుతో తనే జవాబులు చెబుతూ ఇద్దరు నడుస్తున్నట్టు అటూ ఇటూ తిరిగింది. ఆయన దూరం వెళ్లి ఉంటాడనుకున్నాక బయటికొచ్చింది. తలుపు బయటి నుంచి తెరుచుకోకుండా గొళ్లెం తాడు లోపలికి లాగేసి, ప్రభువు ప్రార్థనలో ఉన్నారు, పిలిచేదాకా దీపాలు తేవొద్దు అని నౌకరుకు చెప్పి మెట్లు దిగింది. ఇది చదువుతుంటే నాకిప్పటికీ టెన్షనే. మర్నాడు అదే తిరుగుబాటులో శిక్షపడ్డ డెర్వెంట్‌వాటర్, కెన్మ్యూర్ ప్రభువుల తలలు తెగిపడ్డాయి. నిత్స్‌డేల్ కొన్నాళ్లు దాక్కుని, వెనిస్ రాయబారి నౌకర్లు వేసుకునే దుస్తుల్లో డోవర్ చేరి ఫ్రాన్స్‌లోని కలే రేవుకు దాటాడు. ఆ రాయబారికి ఈ సంగతే తెలియదు.

ఇప్పుడు మీరడిగిన ‘తర్వాత’. తన కోసం వెతుకుతున్నారని తెలిసీ వినిఫ్రెడ్ భర్త వెంట వెళ్లలేదు. ఎవాన్స్‌ను తీసుకుని మళ్లీ టెరెగల్స్‌ వెళ్లి, పాతిపెట్టిన పత్రాలు తవ్వి తీసింది. తండ్రి కోసం ప్రాణానికి తెగించినదాన్ని, కొడుకు ఆస్తి కోసం ఇంకోసారి తెగించలేనా అనుకుందట. ఈ మాట, టవర్ కథ మొత్తం, బ్రూజ్‌లో (ఇప్పటి బెల్జియం) సన్యాసినిగా ఉన్న అక్క లూసీకి ఆవిడ రాసిన ఉత్తరంలోనే ఉన్నాయి. ఎర్ల్ 1712లోనే ఎస్టేట్‌ను కొడుకు జాన్ పేర రాసి, తను బతికున్నంతకాలం అనుభవించే హక్కు మాత్రం ఉంచుకున్నాడు. కాబట్టి ప్రభుత్వం జప్తు చేసుకోగలిగింది ఆ హక్కునే. బిరుదు పోయింది, భూమి జాన్‌కు దక్కింది.

దంపతులు మాత్రం రోమ్‌లో, అదే రాకుమారుడి ప్రవాస దర్బారులో బతుకు వెళ్లదీశారు. ఎర్ల్‌కు చెయ్యి దుబారా, చాలీచాలని భత్యం, ఎప్పుడూ అప్పులే. సర్దుకురావడం వినిఫ్రెడ్ వంతయింది. ఇంత చేసిన మనిషికి మలివయసులో ఆ ఇబ్బంది రావడం నాకు బాధగానే ఉంటుంది. 1725లో పుట్టిన రాకుమారుడు హెన్రీ పెంపకం ఆవిడ చేతికిచ్చారు. ఆవిడ తల్లి ఒకప్పుడు ఫ్రాన్స్‌కు దాటించడంలో తోడ్పడిన బిడ్డ కొడుకే ఇతను. పిల్లల్లో దక్కింది ఇద్దరే. కూతురు యాన్ ఐర్లండ్‌కు చెందిన బెల్యూ ప్రభువును పెళ్లాడింది. 1744లో ఎర్ల్, 1749లో ఆవిడ రోమ్‌లోనే పోయారు.

జాన్ కూతురికి నాయనమ్మ పేరే పెట్టారు. ఆ రెండో వినిఫ్రెడ్ టెరెగల్స్‌కు వారసురాలై, 1780ల చివర్లో తిరిగొచ్చి అక్కడ కొత్త ఇల్లు కట్టించుకుంటుంటే, ఆ పక్కనే నిత్ నది ఒడ్డున వ్యవసాయం చేస్తున్న కవి రాబర్ట్ బర్న్స్ ఆవిడకు స్వాగతం పలుకుతూ పాట రాశాడు.