ముందు మచ్చను చూడు, తర్వాత లెక్క కట్టు

చిరంజీవి మేనకోడలికి, ఆశీస్సులు.

అహ్మదాబాద్ ఫిజికల్ రీసెర్చ్ లేబొరేటరీలో ఉల్కల మీద పని చేయబోతున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చాలా సంతోషమైంది. ఉల్కల్లోని తెల్ల మచ్చల్లో ఒకప్పుడు కాల్షియం-41 ఉండేదనడానికి ఆనవాలు పట్టింది అక్కడి వాళ్లే. ఎఫ్రెమోవ్కా ఉల్కలో, 1994లో, జె.ఎన్. గోస్వామి బృందం. అలాంటి చోట చేరగానే ఐసోటోపుల, అంటే ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణువుల, అంకెల మీదికి మనసు పోతుంది. కానీ ఒక్క మాట వినమ్మా. నమూనాను యంత్రం ఎక్కించే ముందు ఆ మచ్చను తనివితీరా చూడు.

అయెండేతో మొదలుపెట్టు. 1969 ఫిబ్రవరి 8న మెక్సికోలోని చివావా రాష్ట్రంలో రాలిన ఉల్క అది. దొరికిన ముక్కలే రెండు టన్నుల దాకా ఉన్నాయి. కోసిన ముఖం మీద ముదురు బూడిదరంగు మధ్య వంకరటింకర తెల్ల మచ్చలు కంటికే కనిపిస్తాయి, కొన్ని సెంటీమీటరు దాటి కూడా ఉంటాయి. కాల్షియం, అల్యూమినియం దండిగా ఉన్న ఆ మచ్చలే సీఏఐలు. పక్కనుండే గుండ్రటి గింజలతో, అంటే కాండ్రూల్స్‌తో, వాటిని కలిపేయకు. ఎఫ్రెమోవ్కా సీఏఐలకు సీసం ఐసోటోపులతో కట్టిన వయసు దాదాపు 456 కోట్ల 73 లక్షల ఏళ్లు. మన సౌరకుటుంబంలో పుట్టి, వయసు కట్టిన ఘనపదార్థాల్లో అతి పాతవి సీఏఐలే.

పసి సూర్యుడి చుట్టూ ఉన్న వేడి వాయువు చల్లారేటప్పుడు అన్నిటికంటే ముందు గట్టిపడే ఖనిజాలు కొరండం, హిబొనైట్, పెరోవ్‌స్కైట్, ఆ తర్వాత మెలిలైట్, స్పినెల్. ఇలాంటి వరుసను లారెన్స్ గ్రాస్‌మన్ 1972లో లెక్కకట్టి చూపించాడు. సీఏఐల్లో ఉన్నవీ దాదాపు ఈ ఖనిజాలే. అది చూసి ప్రతి మచ్చా వాయువులోంచి నేరుగా గడ్డకట్టిందని మాత్రం అనుకోకు. కొత్తగా వచ్చిన వాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. సీఏఐలను ఖనిజాలు, నిర్మాణాన్ని బట్టి ఎ, బి అని రకాలుగా విడదీస్తారు; వాటిలో బి రకంవి మళ్లీ వేడెక్కి, సుమారు 1400 డిగ్రీల సెల్సియస్ దగ్గర చాలావరకు కరిగి, గంటకు కొద్ది డిగ్రీల నుంచి కొన్ని పదుల డిగ్రీల చొప్పున చల్లారాయి.

ఆ తేడా మెలిలైట్ స్ఫటికంలోనే తెలుస్తుంది. బి రకం మచ్చల్లో చాలావాటికి బయట మెలిలైట్ పొర ఉంటుంది. లోపల ఫాసైట్, అనార్థైట్ అనే ఖనిజాలు, అన్నిటా చల్లినట్టు సన్నటి స్పినెల్ గింజలు. అంచు నుంచి లోపలికి ఒక మెలిలైట్ స్ఫటికం వెంట వెళ్తూ చూడు. అల్యూమినియం తగ్గుతూ మెగ్నీషియం పెరుగుతుంటే అది కరిగిన ద్రవంలోంచి పెరిగిందన్నమాట. దూదిలా విడివిడిగా ఉండే ఎ రకం మచ్చల్లో ఈ క్రమం తరచూ తిరగబడి ఉంటుంది. వాటికి కరిగిన చరిత్ర అంటగట్టకు.

ఇక సోడియం సంగతి. అయెండే మచ్చల్లో నెఫిలీన్, సోడలైట్ అనే సోడియం ఖనిజాలు కనిపిస్తాయి. అంత వేడిలో పుట్టిన వస్తువులో సోడియం మొదటి నుంచీ ఉండటం కుదరదు, అది తర్వాత చేరింది. అక్కడ అయాన్ ప్రోబ్ (చిన్న చోట ఐసోటోపులు కొలిచే యంత్రం) పెట్టావంటే పుట్టుక గురించి అడిగి, తర్వాతి కాలం గురించిన జవాబు తెచ్చుకున్నట్టే. అల్యూమినియం-26 క్షీణించి మెగ్నీషియం-26 అవుతుంది. 1976-77లో లీ, పాపనస్టాసియో, వాసర్‌బర్గ్ అయెండే సీఏఐలో మెగ్నీషియం-26 అదనంగా ఉందని కనిపెట్టి, అల్యూమినియం-26 క్షీణించకముందే అక్కడ చేరిందని చూపించారు. అల్యూమినియం-26 అర్ధాయువు సుమారు 7 లక్షల ఏళ్లే. మొదట్లో లక్ష అల్యూమినియం-27 పరమాణువులకు అది ఐదు ఉండేది. నీకు ఐదుకు బదులు రెండో మూడో వస్తే ఆ మచ్చ ఆలస్యంగా పుట్టిందని వెంటనే రాసేయకు. ఆ అనార్థైట్ తర్వాత చెదిరిందేమో ముందు చూసుకో. ఆక్సిజన్ కూడా అంతే. స్పినెల్ తన ఆక్సిజన్-16ను గట్టిగా పట్టుకుంటుంది, పక్కనే ఉన్న మెలిలైట్ చాలాచోట్ల దాన్ని పోగొట్టుకుంటుంది. రెండూ విడివిడిగా కొలిచి, విడివిడిగానే రాసుకో.

కాబట్టి మొదటి థిన్ సెక్షన్, అంటే పల్చగా కోసిన ఉల్క ముక్క, చేతికి రాగానే ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో ఏ మూలకం ఎక్కడుందో చూపే మెగ్నీషియం, కాల్షియం, అల్యూమినియం మ్యాపులతో పాటు సోడియం మ్యాప్ కూడా తీయించు. ప్రింట్ తీసి, ఎక్కడెక్కడ కొలవాలో పెన్సిల్‌తో గుర్తుపెట్టి, ఆ చోటే ఎందుకో పక్కన ఒక వాక్యం రాసి, మీ గైడ్‌కి చూపించాకే ప్రోబ్‌కి టైమ్ అడుగు. ఆ కాగితం ఫొటో తీసి నాకూ పంపు.

మీ మామయ్య