వెనుక అద్దం వేసుకోబోతున్న మేనకోడలికి

అనంతపురం

చిరంజీవి మేనకోడలిని మామ ఆశీర్వదించి రాస్తున్న ఉత్తరం.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. మీ వీధి పిల్లల బంతి తగిలి నీ కారు వెనుక అద్దం పగిలిందని, నువ్వు కొత్త అద్దం తెప్పించుకున్నావని, ఆదివారం కర్నూలులో మీ ఇంటి ముందే దాన్ని నీ చేతులతో అంటించుకోబోతున్నావని చెప్పింది. చిన్నప్పుడు సెలవులకు వచ్చినప్పుడల్లా నా షెడ్డులో కూర్చుని పానాలను నంబర్ల వరుసలో సర్దిన పిల్ల ఇంత పనికి పూనుకున్నదని వినగానే నాకు గర్వం కలిగింది. కానీ ఆ తరువాత మీ అమ్మ మామూలుగా చెప్పిన ఇంకొక మాటతో నాకు రాత్రంతా నిద్ర పట్టలేదు. పగిలిన చోట పాలిథిన్ కవరు అంటించుకొని నాలుగు రోజులుగా ఆఫీసుకు అదే బండిలో వెళ్లి వస్తున్నావట.

తల్లీ, ఈ ఉత్తరం అందిన క్షణం నుంచి ఆ పని మానుకో. ఎండకూ దుమ్ముకూ భయపడి ఈ మాట చెప్పడం లేదు. నీ బండి వెనుక భాగం గోడలాగా నిటారుగా ఉంటుంది. అలాంటి బండి ముందుకు పరుగెత్తేటప్పుడు దాని వెనుక గాలి పీడనం తగ్గిపోతుంది. సైలెన్సర్ నుంచి వెలువడిన పొగ దూరంగా పోకుండా ఆ ఖాళీలో సుడి తిరిగి, ఎక్కడ సందు దొరికితే అక్కడి నుంచి లోపలికి వస్తుంది. పాలిథిన్ కవరు దాన్ని ఆపలేదు. ఆ పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. మన రక్తం ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా ఆ వాయువునే గట్టిగా పట్టుకుంటుంది. కాబట్టి మనిషికి తల బరువెక్కుతుంది, వికారం పుడుతుంది, నిద్ర వస్తున్నట్లు ఉంటుంది తప్ప ఊపిరి ఆడడం లేదని తెలియదు. తప్పనిసరిగా బండిని కదిలించవలసి వస్తే ముందు అద్దాలు రెండూ దించి, బయటి గాలి లోపలికి వచ్చేలా బ్లోయర్‌ను పూర్తి వేగంలో పెట్టి, దగ్గరి దూరానికే వెళ్లు. వెనుక సీటులో ఎవరినీ కూర్చోబెట్టవద్దు. నేను ఇంతగా ఎందుకు చెబుతున్నానో ఈ ఉత్తరంలోనే నీకు తెలుస్తుంది.

పగిలిన అద్దం సంగతి ముందుగా చెబుతాను. ముందు అద్దంలో రెండు గాజు పలకల నడుమ ప్లాస్టిక్ పొర ఉంటుంది కనుక అది చిట్లినా ఒక్కటిగానే నిలుస్తుంది. నీ వెనుక అద్దం అలాంటిది కాదు. ఆరు వందల డిగ్రీలకు పైగా కాల్చి, ఒక్కసారిగా గాలి ఊది చల్లార్చిన టఫెన్డ్ గాజు కనుక పగిలితే పటికబెల్లం పలుకుల్లా రాలిపోతుంది. ఆ పలుకులను చేత్తో ఏరవద్దు, చీపురుతో చిమ్మవద్దు. చేతి తొడుగులు, కంటి అద్దాలు పెట్టుకొని వాక్యూమ్ క్లీనర్‌తో తీయాలి. డిక్కీ తలుపు లోపలి ప్లాస్టిక్ అట్టను విప్పి తలుపు కడుపులో పడినవాటిని, వెనుక సీటు బెల్టుల బకిల్ గుంటల్లో దాగినవాటిని కూడా వెదకాలి. పైన ఉండే బ్రేకు లైటు, వైపర్, అద్దానికి పట్టిన ఆవిరిని పోగొట్టే డీఫాగర్ తీగలను విప్పే ముందు ఒక్కొక్కదానికి ఫోటో తీసుకో. బీమా అడిగే ఉద్దేశం ఉంటే కొత్త అద్దం వేయకముందే వారికి తెలియజేయి.

కొత్త అద్దం మీద ఐఎస్ఐ గుర్తు ఉన్నదో లేదో చూసుకో. డీఫాగర్ గీతల చివర ఉండే రెండు రేకు కొక్కేలను పట్టి లాగవద్దు, అవి టంకంతో మాత్రమే నిలిచి ఉంటాయి. ఎండ ఎక్కువని దానికి నల్ల ఫిల్ము వేయించాలనే ఆలోచన ఉంటే మానుకో. వెనుక అద్దం గుండా కనీసం 70 శాతం వెలుతురు సాగాలని మోటారు వాహనాల నిబంధన ఉన్నది, ఫిల్ములను సుప్రీంకోర్టు 2012లోనే నిషేధించింది.

ఒక సంగతి మాత్రం మన ఇళ్లకు ప్రత్యేకం. టఫెన్డ్ అద్దం నడిమి భాగం మామూలు గాజుకు నాలుగు రెట్లు గట్టిది, అంచు మాత్రం చాలా సున్నితమైనది. మీ ఇంట్లో నేలంతా బేతంచెర్ల బండలే. అద్దాన్ని అట్టపెట్టెలోంచి తీసి గోడకు ఆనించేటప్పుడు దాని మూల ఆ బండకు చిన్నగా తగిలినా చాలు, అద్దం మొత్తం నీ కాళ్ల ముందు పలుకులైపోతుంది. మీ అవ్వ కుట్టిన పాత బొంతలు ఇంకా మీ ఇంట్లో ఉన్నాయని నాకు తెలుసు. రెండింటిని మడిచి పరచి, దాని మీదనే అద్దాన్ని పడుకోబెట్టు.

ఇక అసలు పని గమ్ముది. అద్దం అంటించే ముందు ఫ్రేము మీద మిగిలిన పాత నల్ల పాలియురెథేన్ గమ్మును ఏం చేయాలన్న దగ్గరే చాలామంది తప్పు చేస్తారు. నేనూ చేశాను. ఇరవై రెండేళ్లకు పైగా మీ అమ్మకు కూడా చెప్పని మాట ఇప్పుడు నీకు రాస్తున్నాను.

నేను పని నేర్చుకున్న కాలంలో వెనుక అద్దాలన్నీ రబ్బరు బీడింగులో కూర్చునేవి. బీడింగు గాడిలో తాడు చుట్టి, సబ్బు నీళ్లు రాసి, లోపలి నుంచి తాడు లాగుతూ పోతే అద్దం దానంతట అదే దిగేది. కొన్ని వందల అద్దాలు నేను అలాగే బిగించాను. 2003లో నేను ఒక పాత పెట్రోలు కారు కొన్నాను. దాని అద్దం బీడింగుతో కాక గమ్ముతో అంటించినది. జ్యేష్ఠ మాసంలో షెడ్డు ముందు వేపకొమ్మ విరిగిపడి ఆ అద్దం పగిలింది. నాకు తెలియని పనిని తెలిసినవారిని అడగడానికి నా అనుభవం అడ్డు వచ్చింది. పాత గమ్మును మురికి అనుకొని ఉలితో చెక్కి, రంగు కూడా లేచిపోయి ఇనుము తళతళలాడే దాకా గీకాను. ఆ మెరుపు చూసి పని శుభ్రంగా చేశానని సంతోషించాను. ఆ తరువాత హార్డ్‌వేర్ అంగడికి వెళ్లి, కిటికీలకు వాడే పులుపు వాసన కొట్టే సిలికాన్ తెచ్చి, దానితో అద్దం అంటించాను. ఆ పులుపు వాసన ఒక ఆమ్లానిదని, రంగు లేని ఇనుమును అది తినేస్తుందని, పరుగెత్తే బండి అదురును ఆ సిలికాన్ తట్టుకోలేదని నాకు అప్పుడు తెలియదు. వానాకాలం గడిచేసరికి ఎడమ వైపు కింది మూల నుంచి గోధుమ రంగు చార ఒకటి కారింది. నేను దాన్ని చూశాను. గుడ్డతో తుడిచేశాను.

ఆ కార్తీకంలో మనమందరం శ్రీశైలం బయలుదేరాము. అప్పుడు నీకు నాలుగేళ్లు. నీకు దగ్గు ఉన్నదని, చలిగాలి తగలకూడదని మీ అమ్మ అద్దాలన్నీ ఎక్కించమన్నది. కర్నూలు, ఆత్మకూరు దాటి దోర్నాల ఘాటు ఎక్కేటప్పుడు బండి చిన్న గేర్లలో నిదానంగా, బరువుగా లాగుతున్నది. లోపల పొగ వాసన వస్తే ముందు పోతున్న లారీది అనుకున్నాను. మీ అమ్మ తల దిమ్ముగా ఉన్నదంటే ఘాటు మలుపులకు అలాగే ఉంటుందన్నాను. నువ్వు ఆమె ఒడిలో నిద్రపోతున్నావు. నీకు ఇష్టమని తెచ్చిన బొరుగుల ఉండ చూపించి పిలిచాను. పలకలేదు. రెండోసారి కొంచెం గట్టిగా పిలిచాను. మీ అమ్మ నిన్ను కుదిపింది, నీ తల పక్కకు వాలిపోయింది.

బండి ఆపి నిన్ను ఎత్తుకొని రోడ్డు పక్కకు పరుగెత్తడం, టవలు పరచి పడుకోబెట్టి ముఖం మీద నీళ్లు చల్లడం, ఇవన్నీ చేసినవి నా చేతులే అని ఇప్పటికీ నాకు నమ్మకం కుదరదు. కొంతసేపటికి నువ్వు వాంతి చేసుకొని ఏడ్చావు. ఆ ఏడుపు వినగానే నేను అక్కడే రాతి మీద కూలబడ్డాను. పైకి చేరాక చూసిన డాక్టరు నిన్నూ మీ అమ్మనూ పరీక్షించి, బండిలోకి పొగ వస్తున్నదా అని నన్ను ఒక్క ప్రశ్న అడిగాడు. నేను ఏమీ చెప్పకుండా బయటికి వచ్చి అద్దం ఎడమ మూల మీద వేలు పెట్టి నొక్కాను. కదిలే పన్నులాగా అది లోపలికీ బయటికీ ఊగింది. లోపలి అట్ట మీద మసి గీత పేరుకొని ఉన్నది. మిమ్మల్నందరినీ బస్సులో పంపించి, అన్ని అద్దాలు దించుకొని ఒక్కడినే ఆ బండిని వెనక్కు తెచ్చాను. మీ అమ్మకు మాత్రం ఘాటు పడకనే నీకు వాంతి అయిందని చెప్పాను. ఆమె ఇప్పటికీ అదే నమ్ముతున్నది. నువ్వు ఈ ఉత్తరం ఆమెకు చూపించినా నాకు అభ్యంతరం లేదు, చూపించాలనే నా కోరిక.

అందుకని పాత గమ్మును పూర్తిగా తీయవద్దు, తల్లీ. పదునైన కత్తిని ఫ్రేముకు సమంగా పట్టి, ఒకటి రెండు మిల్లీమీటర్ల పలుచని పొర మిగిలేలా కోయి. కొత్త పాలియురెథేన్ అన్నింటికంటే బాగా పట్టుకునేది అలా తాజాగా కోసిన పాత పాలియురెథేన్‌నే. కత్తి జారి ఎక్కడైనా రంగు గీసుకుపోయి ఇనుము కనిపిస్తే, ఆవగింజంత గీత అయినా సరే, గమ్ము కింద ముందుగా పూసే ప్రైమర్ పూసి ఆరనివ్వు. నా కారులో తుప్పు మొదలైనది అలాంటి చోటనే. సిలికాన్‌ను ఆ దరిదాపులకు కూడా రానివ్వవద్దు, దాని జిడ్డు ఉన్న చోట తరువాత మంచి గమ్ము కూడా పట్టదు. అద్దం చుట్టూ ఉండే నల్ల పట్టీ అందానికి పెట్టినది కాదు, ఎండలోని అతినీలలోహిత కిరణాలు గమ్మును చెడగొట్టకుండా కాపాడేది అదే. దాన్ని క్లీనర్‌తో తుడిచి, ప్రైమర్ పూసిన తరువాత వేలితో తాకవద్దు. ఆదివారం కదా అని తలకు నూనె పెట్టుకొని ఆ చేతులతో పనికి దిగవద్దు, తలంటు సాయంత్రానికి వాయిదా వేసుకో.

గమ్ము పూయక ముందే అద్దాన్ని ఒకసారి ఉత్తగా కూర్చోబెట్టి చూడు. సరిగ్గా కుదిరాక అద్దం మీద నుంచి బాడీ మీదికి మాస్కింగ్ టేపు ముక్కలు అంటించి, సందు దగ్గర బ్లేడుతో కోసి, అద్దం తీసేయి. తరువాత అంటించేటప్పుడు రెండు టేపు ముక్కలూ ఒకే గీతకు వస్తే చాలు, చూపుతో అంచనా వేయవలసిన పని ఉండదు. గమ్ము గొట్టం ముక్కుకు వి ఆకారంలో గాటు పెడితే గమ్ము ముక్కోణంలో నిలబడుతుంది. ఎక్కడా తెగకుండా చుట్టూ ఒకే ఎత్తున గీయాలి. మొదలూ చివరా కలిసే చోటును మూలలో పెట్టవద్దు, అంచు మధ్యలో పెట్టి వేలితో అదుము. నీ బండి మన పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో తయారైనది. కార్ల ఫ్యాక్టరీలలో ఈ గీతను యంత్రపు చెయ్యి ఒకే వేగంతో గీస్తుంది. మన చెయ్యి మూలల దగ్గర ఆగుతుంది, అక్కడే గమ్ము ఎత్తు మారిపోతుంది. కాబట్టి ముందు అట్టముక్క మీద నాలుగు సార్లు గీసి అలవాటు చేసుకో. అద్దం పెట్టాక ఎత్తి మళ్లీ పెట్టవద్దు, ఎత్తితే గమ్ములోకి గాలి చేరి సందు మిగులుతుంది.

మన సీమ వాతావరణం ఈ గమ్ముకు ఒక చిక్కు తెచ్చిపెడుతుంది. అది గాలిలోని తేమను పీల్చుకొని గట్టిపడుతుంది. ఈ ఎండల్లో దాని పైపొర తొందరగా చర్మం కడుతుంది, కానీ మన పొడిగాలిలో తేమ తక్కువ కనుక లోపలి భాగం నిదానంగా గట్టిపడుతుంది. చేత్తో తాకి గట్టిగా ఉన్నదని నమ్మి చాలామంది బండి తీస్తారు. కాబట్టి తెల్లవారుజామున, దుమ్ము లేవకముందు, నీడలో పని మొదలుపెట్టు. గొట్టం మీద గడువు తేదీ చూడు, దాని మీద రాసిన గంటల కంటే ఎక్కువ సేపు, కనీసం ఒక పూర్తి రోజు బండిని కదిలించవద్దు. ముందు అద్దాలు రెండు వేళ్ల మేర దించి ఉంచు, లేకపోతే తలుపు వేసిన ప్రతిసారీ లోపలి గాలి పచ్చి గమ్మును బయటికి తోస్తుంది.

గమ్ము ఆరిన తరువాత నా కోసం ఒక పరీక్ష చేయి. తలుపులు, అద్దాలు అన్నీ మూసి, బయటి గాలి తీసుకునేలా బ్లోయర్‌ను పూర్తి వేగంలో పెట్టి, వెలుపల అద్దం అంచు చుట్టూ సబ్బు నీళ్లు బ్రష్షుతో పూయి. ఎక్కడ బుడగ లేస్తే అక్కడ సందు ఉన్నట్లు. ఎడమ వైపు కింది మూలను రెండు సార్లు చూడు.

శనివారం సాయంత్రం బస్సుకు నేను కర్నూలు వస్తున్నాను. 150 కిలోమీటర్లే కదా, రాత్రి భోజనానికి అక్కడ ఉంటాను. అద్దం పట్టుకునే రబ్బరు సక్షన్ కప్పులు రెండు నా సంచిలో తెస్తున్నాను, నువ్వు కొనవద్దు. అద్దాన్ని ఒక్కరు మోయకూడదు. కుడి కొస నువ్వు పట్టుకో, ఎడమ కొస నేను పట్టుకుంటాను. గమ్ము గీసేది, అద్దం కూర్చోబెట్టేది నువ్వే. నేను వచ్చే దాకా బండి తాళం మీ అమ్మ చేతికి ఇచ్చి ఉంచు.

నీ మేనమామ