భార్య నగలు కుదువ పెట్టి పోకర్ ఆడవచ్చా?

ప్రశ్న: మాది అనంతపురం. వయసు 31. బెంగళూరులో పనిచేస్తున్నప్పుడు ఆన్‌లైన్‌లో డబ్బు పందెంతో ఆడే పోకర్ పేకాటలో (క్యాష్ గేముల్లో) నెలకు పది, పదిహేను వేలు మిగిలేవి. రానురాను టేబుళ్లు బిగుసుకుపోయి, అంటే ఎదుటివాళ్లు గట్టి ఆటగాళ్లై లాభం పోయింది. ఇప్పుడు ఊళ్లోనే రూ.28 వేల జీతానికి పనిచేస్తున్నాను. క్రెడిట్ కార్డు బాకీ రూ.90 వేలు. చేతిలో రూ.1.4 లక్షలు ఉన్నాయి. నా భార్య నగలపై మరో రూ.2 లక్షలు తెచ్చి, విదేశీ సైటులో పెద్ద పందేల టేబుళ్లకు వెళ్తే పాత లాభాలు వస్తాయా?

జవాబు: రావు. నగలు బీరువా దాటనివ్వకండి.

మీకు ఆట రాదని అనడం లేదు. అప్పట్లో మీకు మిగిలిన డబ్బు సరదాగా వచ్చి, ఏ ముక్కలు పడినా పందెం కట్టిన కొత్తవాళ్లది. 2003లో క్రిస్ మనీమేకర్ అనే అకౌంటెంట్ ఆన్‌లైన్‌లో అర్హత సాధించి ప్రపంచ పోకర్ టోర్నీ గెలిచాక అలాంటివాళ్లు వెల్లువలా వచ్చారు. పోగొట్టుకున్నవాళ్లు క్రమంగా తప్పుకున్నారు. 2015 నుంచి ఏ ముక్కలకు ఎంత పందెం కట్టాలో లెక్కగట్టే సాల్వర్ సాఫ్ట్‌వేర్ మామూలు ఆటగాళ్లకూ అందింది. 2019లో ప్లూరిబస్ అనే ప్రోగ్రామ్ ఆరుగురి టేబుల్‌పై మేటి ఆటగాళ్లనే ఓడించింది. ఇప్పుడు మీ ఎదుట ఉన్నది మీలాగే మంచి ముక్కల కోసం ఓపిక పట్టేవాళ్లు. పెద్ద టేబుళ్ల దగ్గర వాళ్లకంటే గట్టివాళ్లు.

సమవుజ్జీలు కూర్చున్నచోట గెలిచేది సైటు ఒక్కటే. ఆరుగురు తలా రూ.1,000తో కూర్చున్నారనుకోండి. ఒక్కో ఆటలో అందరూ కట్టిన పందెం మొత్తం (పాట్) సగటున రూ.80, అందులో సైటు కమీషన్ 5 శాతం అయితే ఒక్కో ఆటకు రూ.4 పోతుంది. గంటకు 70 ఆటలు, అంటే రూ.280. ఇరవై రెండు గంటలు తిరక్కముందే టేబుల్ మీది రూ.6,000 సైటు ఖాతాకు చేరుతుంది.

పైగా ఆంధ్రప్రదేశ్ 2020లోనే ఆన్‌లైన్ పోకర్‌ను నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధించింది. బ్యాంకులు వాటికి చెల్లింపులు జరపకూడదు. విదేశీ సైటు మీ డబ్బు ఆపేస్తే ఎవరి దగ్గర మొరపెట్టుకుంటారు?

ముందు కార్డు బాకీ రూ.90 వేలు ఒకేసారి కట్టేయండి. కార్డు వడ్డీ సాధారణంగా నెలకు 3 శాతం పైమాటే. అది ఆగడమే మీకు ఖాయమైన లాభం. మిగిలిన రూ.50 వేలను వెంటనే తీసుకునే వీలున్న ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉంచండి. ఇన్నాళ్లూ కార్డుకు కడుతున్న మొత్తంతో రికరింగ్ డిపాజిట్ మొదలుపెట్టి, కనీసం మూడు నెలల ఖర్చు పోగయ్యేదాకా షేర్ల జోలికి కూడా వెళ్లకండి.

నన్ను ఎక్కువగా కలవరపెట్టింది 'పాత లాభాలు' అన్న మాట. ఆడకుండా ఉండలేకపోతుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడవచ్చు. కార్డు బాకీ సంగతి మీ భార్యకు తెలుసో లేదో రాయలేదు. తెలియకపోతే బాకీ కట్టే ముందే స్టేట్‌మెంటు ఆమె చేతికివ్వండి.