పాత గుమ్మం, కొత్త గోడ

ప్రశ్న: 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకు మా పెంకుటిల్లు కూలిపోతే, నాన్నగారు అదే జాగాలో శ్లాబు ఇల్లు కట్టించి, పాత గుమ్మానికి అడుగున చెదలు తిన్న జానెడు కోయించి దానికే అమర్చారు. పెరట్లో పడిపోయిన వేపచెట్టు నూతికి తూర్పున ఉండేదని అమ్మ, కాదు పడమరేనని పెదనాన్న ఇప్పటికీ వాదించుకుంటారు. ఈమధ్య అమ్మ జారిపడి కుడి మణికట్టు విరిగితే, పిండికట్టు వేసిన డాక్టరుగారు ఎముక తనంతట తానే పునర్నిర్మాణం చేసుకుంటుందన్నారు. ఇంటికీ, జ్ఞాపకానికీ, ఎముకకూ ఒకే మాట వాడవచ్చునా?
- ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

జవాబు: వాడవచ్చు. కాకపోతే అందులోని 'పునర్' అన్న ముక్క, పోయినది పోయినట్టే తిరిగి వచ్చిందన్న భ్రమ కలిగిస్తుంది. మన వైపు ఇంతకన్న పాత మాట ఒకటుంది. భువనేశ్వరం దగ్గరి ఉదయగిరిలో హాథీగుంఫా శాసనం కళింగ రాజు ఖారవేలుడి మొదటి పాలనా సంవత్సరాన్ని చెబుతూ, గాలికి దెబ్బతిన్న కళింగనగరి గోపురాలనూ ప్రాకారాలనూ ఇళ్లనూ ఆయన 'పటిసంఖారయతి', అంటే ప్రతిసంస్కారం చేయించాడని అంటుంది. తోటలను బాగుచేయించిన సంగతీ అక్కడే ఉంది. ఆ నగరి ఎక్కడిదన్న తగవు అలా ఉంచితే, రెండు వేల ఏళ్ల నాటి ఆ తుఫాను పద్దు చదువుతుంటే మీ వీధి గుర్తుకు రాక మానదు.

ఆ 'సంస్కారం' అనే మాటే తిండి దగ్గరా, మీరడిగిన జ్ఞాపకం దగ్గరా కనిపిస్తుంది. చరకసంహిత ఆహారాన్ని గురించి చెబుతూ, సంస్కారమంటే ద్రవ్యానికి మరో గుణాన్ని కలిగించడమని నిర్వచించింది. బియ్యం ఉడికి అన్నమైతే మళ్లీ బియ్యం కాదు కదా. తెలుగువాడైన అన్నంభట్టు తన తర్కసంగ్రహంలో, సంస్కారం నుంచి, అంటే అనుభవం మనసులో మిగిల్చిన ముద్ర నుంచి, మాత్రమే పుట్టే జ్ఞానం స్మృతి అన్నాడు. 'పునర్' అన్నంత మాత్రాన పాతదే తిరిగి రాదనడానికి మరో ఉదాహరణ: అమెరికా చరిత్రలో అంతర్యుద్ధం తర్వాత 1865 నుంచి 1877 వరకు పునర్నిర్మాణ కాలమన్న పేరుంది గాని, అప్పటి రాజ్యాంగ సవరణలు పాత బానిస వ్యవస్థను నిలబెట్టడానికి కాదు, రద్దు చేయడానికి వచ్చినవి.

ఇక ఎముక సంగతి. విరిగిన చోట ముందు రక్తం గడ్డకడుతుంది; కొద్ది వారాల్లో అక్కడ మెత్తటి మృదులాస్థి వంతెనలా అల్లుకుని, తర్వాత కాల్షియం చేరి గట్టి బుడిపె అవుతుంది. అసలు పని అప్పుడు మొదలవుతుంది. పాత ఎముకను తినే కణాలూ, కొత్త ఎముకను పేర్చే కణాలూ నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి ఆ బుడిపెను చెక్కుతూనే ఉంటాయి. ఎక్కడ ఎంత మిగలాలన్నది ఆ ఎముక మీద పడే బరువును బట్టి ఉంటుంది గనుక, అమ్మగారు ముందుముందు బిందె ఎత్తే తీరుకు కూడా అందులో పాలుంటుంది. చర్మం తెగితే మచ్చ మిగులుతుంది. ఎముక మాత్రం ఎముకగానే అతుకుతుంది. కాలేయం మరీ చిత్రం: మూడింట రెండు వంతులు కోసి తీసినా మిగిలింది పెరిగి తూకం సరిచేసుకుంటుంది గాని, కోసేసిన భాగం ఆకారం తిరిగి మొలవదు.

జ్ఞాపకం దగ్గరే నేను కాస్త జంకుతాను, ఎందుకంటే మనిషి దాన్ని మార్చుకుంటున్నట్టు తనకే తెలియదు. కేంబ్రిడ్జి మనస్తత్వవేత్త బార్ట్‌లెట్ అమెరికా ఆదివాసుల కథ ఒకటి కేంబ్రిడ్జిలోనివారి చేత చదివించి, వ్యవధి ఇచ్చి మళ్లీ చెప్పమంటే, సీలు వేట కాస్తా చేపలు పట్టడమైంది, వింతగా తోచిన ఘట్టాలు జారిపోయాయి. ఆ ఫలితాలను ఆయన 1932లో ప్రచురించారు. మీ ఇంట్లోని ఇద్దరూ అబద్ధమాడడం లేదు. వాదించిన ప్రతిసారీ ఎవరి చెట్టును వారు మరోసారి నాటుకుంటున్నారు. గొంతు పెంచినంత మాత్రాన అది సాక్ష్యం కాదు. నూతి చుట్టూ తవ్విస్తే మొద్దు ఆనవాలు దొరకవచ్చు. అంతకు ముందు ఒకరి మాట ఒకరి చెవిన పడకుండా, గుమ్మంలోంచి చూస్తే పెరడు ఎలా కనిపించేదో ఇద్దరి చేతా విడివిడిగా పటం గీయించండి. అమ్మగారి పిండికట్టు విప్పాకనే సుమా.