అమెరికాలో ఆలివ్ గార్డెన్, యాపిల్‌బీస్ లాంటి రెస్టారెంట్లు ఏ వర్గం వాళ్లవి?

మధ్యతరగతివని చాలామంది అంటారు గానీ, డబ్బున్నవాళ్లూ లేనివాళ్లూ ఒకే కప్పు కింద కనిపించే చోట్లు అక్కడ తక్కువ. వాటిలో ఇవి ముందుంటాయి. మాసెన్‌కాఫ్, విల్మర్స్ అనే పరిశోధకులు 2023లో సెల్‌ఫోన్ లొకేషన్ డేటాతో తేల్చిన విషయమిది. పార్కులు, లైబ్రరీలు, చర్చిలు ఇందులో వెనకబడ్డాయి. అవి ఏ పేటలో ఉంటే ఎక్కువగా ఆ పేటవాళ్లే వస్తారు కదా! ఈ చైన్లేమో హైవేల పక్కన, మాల్స్ దగ్గర ఉంటాయి. ధర మరీ ఎక్కువ కాదు, పైగా టేబుల్ దగ్గరికే తెచ్చి వడ్డిస్తారు. ఆలివ్ గార్డెన్‌లోనైతే బ్రెడ్‌స్టిక్స్ అడిగినన్ని. చిన్న జీతగాళ్లకు అది పుట్టినరోజు భోజనం, ఇంజనీరు కుటుంబానికి వంట చేయబుద్ధి కాని రాత్రి. పక్కపక్క టేబుళ్లలో కూర్చున్నంత మాత్రాన మాటలు కలుస్తాయని కాదు. ఆలివ్ గార్డెన్‌ను నడిపే డార్డెన్ సంస్థే, ఖరీదైన స్టేక్ తినేవాళ్ల కోసం క్యాపిటల్ గ్రిల్‌ను విడిగా నడుపుతోంది.